ఐబొమ్మ మూతపడిన పిమ్మట

కుందుర్పికి అనంతపురమునుండి కళ్యాణదుర్గము మీదుగా పోవలెను. కళ్యాణదుర్గము దాటినది మొదలు చెట్టు పలుచబడును, నేల ఎఱ్ఱబారును, చూపు ఎంత దూరము పోయినను దానికి అడ్డు తగులునది ఉండదు. ఇంక కొంత దూరము పోయినచో కన్నడసీమ సరిహద్దు. ఊరికి కాపుగా కోటకొండ నిలిచియున్నది. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియును నమ్మకముగా పడని జిల్లా మనది. ఆ వానను నమ్ముకొని వేరుసెనగ వేసి, పండినచో తిని, పండనినాడు బెంగుళూరు పనులకు పోవు జనము కుందుర్పి జనము.

2025 నవంబరు మూడవ వారమున మేము ఆ ఊరికి పోయితిమి. రైతుల కార్యక్రమమునకు నాలుగు సంభాషణలు ధ్వనిముద్రణము చేసికొని వచ్చుట మా పని. పని సాయంకాలమునకు ముగిసినది. తిరుగు ప్రయాణమునకు ముందు ఒక ఇంటి అరుగుమీద కూర్చుండి టీ త్రాగుచుండగా, ఎదుట అరుగుమీద ఐదారుగురు పడుచువాండ్రు ఒకే సెల్‌ఫోనుమీదికి వంగి ఏదియో చూచుచుండిరి. వారి మొగములలో చావుకబురు విన్నవారి దిగులు కనిపించినది. ఏమి నాయనా అని అడిగితిమి.

"ఐబొమ్మ మూసేసినారంట సార్" అని ఒకడు బదులు చెప్పెను.

ఆ మాటకు లోపలినుండి ఆ ఇంటి అవ్వ కూడ బయటికి వచ్చినది. "అంటే ఇంగ బొమ్మ రాదా?" అని మనుమని అడిగినది. ఆ ప్రశ్న మాతో అనంతపురమువరకు వచ్చి, ఇప్పుడు ఈ ప్రసంగమునకు కారణమైనది.

ఐబొమ్మ యనగా నేమో ఎరుగనివారు శ్రోతలలో కొందరైనను ఉందురు. అది అంతర్జాలమున తెలుగు చలనచిత్రములను రూక తీసికొనకుండ చూపిన ఒక వెబ్‌సైటు. సినిమాశాలలో విడుదలయి, పిమ్మట రుసుము చెల్లించువారికి మాత్రమే ఇండ్లలో చూపుటకై ఓటీటీ సంస్థలు కొనుకున్న చిత్రములను, వారి అనుమతి లేకయే నకలు తీసి, పరిమాణము తగ్గించి, చౌకరకపు ఫోనునను బలహీనమైన సంకేతమునను ఆగకుండ ఆడునట్లు చేసి పంచిపెట్టినది. బప్పం అను మరియొక సైటు దానికి తోడు. ఒక చిరునామాను మూయించినచో మరునాడు కొద్ది మార్పుతో మరియొక చిరునామా తెరచుకొనునది. ఈ విధముగా కొన్ని సంవత్సరములు సాగినది. పల్లెలలో "బొమ్మ" యనగా సినిమాయే గనుక, ఆ పేరు పెట్టినవానికి మన జనము నాడి బాగుగనే తెలిసియుండవలెను.

2025 నవంబరు మధ్యభాగమున హైదరాబాదు సైబరు నేరముల పోలీసులు ఆ సైటులను నడిపినట్లు అభియోగము మోపబడిన వ్యక్తిని కూకటిపల్లిలో పట్టుకొని, సైటులను మూయించిరి. నవంబరు 17వ తేదీన నగర పోలీసు కమిషనరు వి. సి. సజ్జనార్ విలేఖరులకు ఆ వివరములు తెలిపిరి. చిరంజీవి, నాగార్జున, రాజమౌళి మొదలగు చలనచిత్ర ప్రముఖులు అప్పుడు అక్కడ ఉండిరి. పోలీసులు చెప్పిన లెక్కలలో రెండు మా మనసున నిలిచినవి: దొరికిన నిల్వలో సుమారు 21,000 చిత్రములున్నవట, చూచినవారిలో 50 లక్షలమంది వివరములు ఆ సైటువారి చేతిలో ఉన్నవట. అతడు దోషియా కాదా యనునది తేల్చుట న్యాయస్థానముల పని. మనము దానిలోనికి పోరాదు. కాని మూతపడిన మరునాడే సామాజిక మాధ్యమములలో అతనిని బీదల పాలిటి దాతగా కీర్తించువారు వేలసంఖ్యలో బయలుదేరిరి. అది మాత్రము మనము ఆలోచింపదగిన విషయము.

అంతకుమున్ను మా సంగతి ఒకటి చెప్పివేయుట మంచిది. ఆ వేసవిలో మా ఇంట బంధువులు చేరినప్పుడు, పిల్లలు గోడమీది తెరకు ఫోను కలిపి ఒక కొత్త చిత్రము వేసిరి. ఎక్కడిది అని మేము అడుగలేదు. అడిగినచో ఏ జవాబు వచ్చునో తెలిసియే అడుగలేదు. చిత్రము చివరివరకు చూచితిమి, నవ్వవలసినచోట నవ్వితిమి. రేడియోలో ఒక్క పాట వేయవలెనన్న దాని హక్కు ఎవరిదని విచారించి, వేసినదానిని పద్దులో వ్రాసికొను ఉద్యోగములో ఉండి, ఇంట అట్లు కూర్చుంటిమి. కనుక కుందుర్పి కుఱ్ఱవాండ్రకు నీతి చెప్పు అధికారము మాకు లేదు. విషయమును మాత్రము వారితోను మీతోను కలిసి ఆలోచించుచున్నాము.

సొత్తు ఎవరిదను ప్రశ్నకు జవాబు సులభముగా తోచును గాని అంత సులభము కాదు. అరుగుమీది కుఱ్ఱవాండ్రు "హీరోకు కోట్లు వస్తాండాయి, మేము సూస్తే ఆయప్పకు ఏం తక్కువైతాది సార్" అనిరి. చిత్రమనగా వారికి హీరో ఒక్కడే. కాని 2025 ఆగష్టులో తెలుగు చలనచిత్రసీమలోని 24 శాఖల కార్మికులు ముప్పది శాతము వేతనము హెచ్చింపుమని రెండు వారములకు పైగా సమ్మె చేసిన సంగతి మీరు పత్రికలలో చదివియుందురు. దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు, వంటవారు, బండ్లు తోలువారు, మొగములకు రంగు వేయువారు వారిలో ఉన్నారు. చిన్న చిత్రము తీసిన నిర్మాతకు సినిమాశాలలో పోయిన డబ్బు కొంతయైనను తిరిగి వచ్చునది ఇంటితెరల హక్కులమీదనే. అదే చిత్రము మొదటిరోజుననే ఉచితముగా దొరకినచో, మరుసటి చిత్రమునకు ఆ హక్కు కొనువాడు ధర తగ్గించును. ధర తగ్గినచో చిత్రములు తగ్గును. చిత్రములు తగ్గినచో ఇంట కూర్చుండువాడు హీరో కాడు, దీపములు మోయువాడు. బెంగుళూరు మేస్త్రీ ఆరు దినముల కూలి ఎగవేసిన బాధ కుందుర్పివారికి మేము చెప్పనక్కరలేదు. ఈ మాట అనినప్పుడు వారిలో ఒకడు తలవంచుకొనెను. వాని అన్నకు అట్టిదే జరిగినదట.

చట్టము కూడ ఈ విషయమున కఠినమైనది. 1957 నాటి కాపీరైటు చట్టము అటుండగా, 2023లో చలనచిత్రముల చట్టమును పార్లమెంటు సవరించి, దొంగచాటుగా చిత్రమును ముద్రించినవారికిని, దానిని ప్రదర్శించినవారికిని మూడు నెలలకు తక్కువ కాకుండ మూడేండ్లవరకు కారాగారమును, 3 లక్షల రూపాయలనుండి చిత్రపు తయారీవ్యయములో ఐదు శాతమువరకు జరిమానాను విధించినది. "సూసినోళ్లను గూడా పట్టుకుంటారా సార్?" అని ఒకడు మెల్లగా అడిగెను. యాబది లక్షలమంది వివరములు పోలీసులకు దొరికినవను వార్త వాని దిగులునకు కారణము. ఆ సవరణ ముద్రించి పంచువానిని ఉద్దేశించినదని చెప్పితిమి. వాని మొగము తేటపడినది. మాకును కొంత తేటపడినదని దాచుట ఎందుకు?

ఇంక వారి పక్షము. మొదట మాటలాడినవాడు లెక్క విప్పెను. కొత్త చిత్రమునకు కళ్యాణదుర్గమో, అనంతపురమో పోవలెను. ఆడవారికి 2025 ఆగష్టు 15నుండి బస్సు ఉచితము. మగవానికి ఛార్జీ, నలుగురికి టిక్కెట్లు, పిల్లలకు నడుమ బొరుగులో మరియొకటో. ఒకనాటి కూలి ఎటూ పోయినట్లే. ఉపాధిహామీ పనికి 2025–26లో మన రాష్ట్రమున నిర్ణయింపబడిన కూలి దినమునకు 307 రూపాయలు. 2025 సెప్టెంబరులో విడుదలయిన 'ఓజీ' చిత్రపు ముందస్తు ఆటకు మన ప్రభుత్వము అనుమతించిన టిక్కెట్టు ధర 1,000 రూపాయలు. అనగా మూడు దినములు మన్ను త్రవ్వినను ఒక్క కుర్చీకి చాలదు. ముందస్తు ఆట చూడకున్న ప్రాణము పోదని మీరు అనవచ్చును, నిజమే. కాని ఇరువదియేండ్లవానితో ఆ మాట చెప్పి చూడుడు.

ధర విషయమున మన ఏలికలు ఒక దరినుండి మరియొక దరికి ఊగిసలాడిరి. 2021 ఏప్రిలులో వెలువడిన ఉత్తరువున గ్రామపంచాయతీలలోని సినిమాశాలకు అతి తక్కువ తరగతి టిక్కెట్టు 5 రూపాయలుగా నిర్ణయించిరి. అయిదు రూపాయలకు టీ కూడ రాని కాలమున సినిమాశాల యెట్లు నడచును? ఆ యేడు డిసెంబరునాటికి రాష్ట్రమున అనేక శాలలు తలుపులు మూసికొన్నవి. 2022 మార్చిలో ఉత్తరువు సవరింపబడినది. ఐదు రూపాయలనుండి వేయి రూపాయలకు చేరుటకు నాలుగు సంవత్సరములు పట్టినది. పల్లెవాడు మోయగల ధర, శాల నిలువగల ధర ఈ రెండింటి నడుమ ఎక్కడనో ఉండియే ఉండును. దానిని ఓపికతో వెదకినవారు మాత్రము మాకు కానరారు.

"పైరసీ వల్ల నష్టమేమీ లేదు సార్, అత్తారింటికి దారేది సంగతేమి?" అని ఇంకొకడు అందుకొనెను. చలనచిత్ర చరిత్ర ఇంత బాగుగా తెలిసినవాడు పరీక్షలలో ఏమి వ్రాసెనో మేము అడుగలేదు. ఆ చిత్రము 2013 సెప్టెంబరులో విడుదలకు ముందే సుమారు గంటన్నర భాగము బయటికి పొక్కినది. అక్టోబరు 9కి అనుకొన్న విడుదలను సెప్టెంబరు 27కు జరిపిరి. అయినను చిత్రము ఘనవిజయము పొందినది. నిజమే. కాని అది పెద్ద నటుని చిత్రము, పొక్కిన వార్తయే దానికి ప్రచారమైనది. ఊరందరి ఇండ్లకు కన్నము పడిననాడు ఒక్క షావుకారు మాత్రము తట్టుకొని నిలబడినచో, కన్నమువలన నష్టము లేదని తీర్పు చెప్పుదుమా?

ఉచితము అన్నమాటను గూర్చి అక్కడనే మరియొకటి తెలిసినది. అంతవరకు మాటలాడక ఒక ప్రక్కన కూర్చున్నవాడు, డిగ్రీ రెండవ సంవత్సరమున చదువు మానినవాడు, మేము లేచునప్పుడు మాతోకూడ జీపువరకు వచ్చెను. సినిమా మొదలగుటకు ముందు ఒకటి, నడుమ మరియొకటి అడ్డువచ్చు ప్రకటనలలో పందెపు ఆట ఒకటి వానికి తగులుకొన్నదట. మొదట వంద పెట్టినచో నూటయేబది వచ్చినది. పిమ్మట శెనక్కాయలు అమ్మిన డబ్బు పోయినది. తండ్రికి ఇంతవరకు చెప్పలేదు. ఎంత పోయినదో మాకును చెప్పలేదు. ఆ సైటులకు పందెపు యాపుల ప్రకటనలే ఆదాయమార్గమని హైదరాబాదు పోలీసులు ఆరోపించిరి. డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025 ఆగష్టులో పార్లమెంటు చట్టము చేసినది. ఈ పిల్లవాని డబ్బు అంతకుమున్నే పోయినది. ఉచితముగా చూచిన బొమ్మకు వెల చెల్లించినవాడు ఆ అరుగుమీద వీడొక్కడే. ఎవడు చెల్లింపగలడో చూచి, వానియొద్దనే తీసికొన్నట్లుగా కూడ లేదు.

ప్రభుత్వములు ఇటువంటి సైటులను మూయుట లోకమున మొదటిసారి కాదు. 2012 జనవరి 19న అమెరికా ప్రభుత్వము మెగాఅప్‌లోడ్ అను సైటును మూయించినది. ఎవరైనను తమ ఫైళ్లను దాచుకొని ఇతరులతో పంచుకొనగల గిడ్డంగి అది. దానికి 15 కోట్లకు పైగా నమోదైన వాడుకరులున్నారనియు, ఒక దశలో అంతర్జాలపు రాకపోకలలో నాలుగు శాతము దానిదేననియు అభియోగపత్రముననే వ్రాసిరి. స్థాపకుడు కిమ్ డాట్‌కామ్ ఇంటిమీద న్యూజీలాండులో దాడి జరిగినది. ఆ గిడ్డంగిలో దొంగసొత్తు చాల ఉన్నమాట నిజము. కాని దానితోపాటు సొంత ఛాయాచిత్రములు, సొంత వ్రాతలు దాచుకొన్నవారి సొత్తును తాళము వెనుక చిక్కినది. ఒహాయో రాష్ట్రమున పాఠశాలల క్రీడలను చిత్రీకరించి జీవించు ఒకాయన తన చిత్రములు తనకిప్పింపుమని న్యాయస్థానమునకెక్కెను. 2013లో నెదర్లాండ్సునందలి ఒక సంస్థ ఆ సైటుకు చెందిన 630 సర్వరులను తుడిచివేసినది. వానిలో ఎవరి పెండ్లి ఉన్నదో, ఎవరి పసిబిడ్డ నవ్వు ఉన్నదో ఎవరికి తెలియును? ఐబొమ్మ అట్టి గిడ్డంగి కాదు. జనులు దానిలో దాచుకొన్నది ఏమియు లేదు. కనుక దానిని మూసినందున ఎవని సొత్తును పోలేదు. ఆ విధముగా చూచినచో హైదరాబాదు పోలీసుల పని అమెరికావారి పనికంటె శుభ్రమైనదే.

సొత్తు పోలేదు, సరియే. కాని కుందుర్పి అవ్వకు సాయంకాలము పోయినది. ఈ ముక్క మాకు అర్థమగుటకు మా రేడియో చరిత్రయే తోడ్పడినది.

1952లో బి. వి. కేస్కర్ కేంద్ర ప్రసారశాఖ మంత్రియైరి. ఆయన శాస్త్రీయసంగీతమునందు ఘనమైన అభిమానము గలవారు. సినిమాపాట జనుల అభిరుచిని చెరచునని నమ్మినవారు. ఆకాశవాణిలో సినిమాపాటల సమయము కుదించిరి. పాటతో చిత్రము పేరు చెప్పుట ప్రకటన యగునని మానివేసిరి. నిర్మాతలు కోపించి తమ పాటలు వేయు అనుమతులను వెనుకకు తీసికొనిరి. కొలది నెలలలో ఆకాశవాణిలో సినిమాపాట దాదాపు వినబడకుండ పోయినది. దానికి జనులేమి చేసిరి? త్యాగరాజకృతులు వినుచు కూర్చుండలేదు. మరను త్రిప్పి సిలోను పెట్టుకొనిరి. యుద్ధకాలమున మిత్రరాజ్యముల సైన్యముకొరకు కొలంబోలో నెలకొల్పిన బలమైన ప్రసారయంత్రము రేడియో సిలోనుకు దక్కియుండెను. ఆ 1952 డిసెంబరుననే అమీన్ సయాని గొంతుతో బినాకా గీతమాల మొదలైనది. కొంతకాలమునకు మీనాక్షి పొన్నుదురై తెలుగు ప్రసారములు మన ఇండ్లకు చేరినవి. దేశములోని పాట సముద్రము దాటి పోయి, మరల సముద్రము దాటి వచ్చి మన చెవిలో పడవలసినది. మా పెద్దలు అయిదేండ్లు దీనిని చూచిరి. జనులను సిలోను విననీయకుండ చేయుట తమవలన కాదని గ్రహించి, 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించిరి. సినిమాపాట ఆకాశవాణికి తిరిగివచ్చినది. అనుమతితో, రుసుముతో, చిత్రము పేరుతో సహా.

సిలోను దొంగ కాదు, ఐబొమ్మతో దానిని పోల్చుట సరికాదని మాలో ఒక పెద్దాయన వాదించిరి. న్యాయమే, ఆ భేదము చిన్నది కాదు. కాని వినువాని వైపునుండి చూచినచో రెండును ఒక్కటే: తన ఊరి తలుపు మూసియున్నది, దూరపు తలుపు తెరచియున్నది. అప్పటి జనులను ఎవరును నేరస్థులనలేదు. పైగా అప్పుడు ఇంట రేడియో ఉంచుకొనుటకు కూడ ప్రభుత్వమునకు రుసుము చెల్లింపవలెను. మా తాతగారి లైసెన్సు పుస్తకము ఇంకను మా ఇంట ఉన్నది. ఏటేట తపాలా కార్యాలయమున అంటించిన బిళ్లలు దానిలో రంగు వెలిసియున్నవి. లైసెన్సు లేని రేడియో ఇంట ఉన్నచో తనిఖీవాడు వచ్చినప్పుడు దానిని ధాన్యపు గాదెలో దాచినవారి కథలు మా తాతగారే నవ్వుచు చెప్పెడివారు. 1980 దశకమున ఆ రుసుము రద్దయినది. దాచుటయు మానిరి.

తలుపు తెరచు ప్రయత్నములు మన కాలమునను జరుగకపోలేదు. 2023 జూన్ నెలలో మన రాష్ట్రపు ఫైబర్‌నెట్ సంస్థ, విడుదలయిన దినముననే చిత్రమును ఇంటికి చూపు పథకమును మొదలుపెట్టినది. 'నిరీక్షణ' అను చిత్రముతో ఆరంభము. వెల 99 రూపాయలు. చెల్లించిన ఇరువదినాలుగు గంటలవరకు ఇంటిల్లిపాదియు చూడవచ్చును. సినిమాశాల లేని పల్లెకు ఇంతకంటె తగిన యోచన ఏమున్నది? కేరళ ప్రభుత్వము 2024 మార్చిలో సీ స్పేస్ అను తన ఓటీటీని తెరచి, చిత్రమునకు 75 రూపాయలు నిర్ణయించి, అందులో సగము చిత్రము తీసినవారికి ఇచ్చునట్లు ఏర్పాటు చేసినది. ప్రసారభారతి కూడ 2024 నవంబరులో వేవ్స్ అను వేదికను ప్రారంభించినది. కుందుర్పి అరుగుమీద ఈ మూడింటి పేర్లును అడిగి చూచితిమి. ఫైబర్‌నెట్ పథకమును ఎరిగినవాడు ఒక్కడును లేడు. వేవ్స్ పేరు విన్నవాడు ఒకడు. తెరచి చూచినవాడు సున్న. దొంగసైటు ప్రతిదినము పేరు మార్చుకొన్నను దాని కొత్త చిరునామా ఆ సాయంకాలమునకే కుందుర్పికి తెలిసెడిది. మా ప్రసారభారతిదే యైన వేదిక పేరు ఏడాది గడచినను చేరలేదు. ఇది ఇతరులను నిందించుటకు చెప్పుమాట కాదు. ఆ పేరు వారికి చెప్పవలసినవారిలో మేమును ఒకరము.

"తొంబైతొమ్మిది అయితే ఇస్తామా?" అని మేము అడుగగా వారిలో వారికి కొంత తర్జనభర్జన జరిగినది. నలుగురు కలిసి వేసికొన్నచో తలకు పాతిక పడుననియు, పాతికైనచో పెద్ద హీరో బొమ్మకు ఇవ్వవచ్చుననియు, చిన్న బొమ్మకు ఇవ్వమనియు తేల్చిరి. పందెములో డబ్బు పోగొట్టుకొన్నవాడు మాత్రము చిన్న బొమ్మకైనను ఇచ్చెదననెను.

అవ్వ ఇంతసేపును మా మాటలు వినుచునే ఉండినది. ఆమెకు కొత్త చిత్రముల గొడవ లేదు. మనుమడు రాత్రిపూట తన ఫోనులో ఆమెకు పాతవి పెట్టెడివాడట. చూపు మందగించినది గనుక చూచుటకంటె వినుటయే ఎక్కువ. "మీ రేడియాలో బొమ్మ కత ఏసేటోళ్లు గదా నాయనా. కండ్లు మూసుకోని యింటే అంతా కనపడేది. అది నిలిపేసిరి. ఇప్పుడు ఇదీ నిలిపేసిరి" అన్నది.

ఆమె చెప్పినది సంక్షిప్త శబ్దచిత్రము. చిత్రములోని సంభాషణలను, పాటలను గంటకు కుదించి ప్రసారము చేసెడివారము. ఆ గంటలో వీథి వీథియంతయు ఒక్క రేడియో ముందు చేరెడిది. ఏ చిత్రము కావలెను అవ్వా అని అడిగితిమి. ఆమె తడవుకొనకుండ "పాతాళభైరవి" అన్నది.

మన జిల్లాలోని తాడిపత్రివారైన కె. వి. రెడ్డిగారు 1951లో తీసిన చిత్రమది. చలనచిత్రముమీది హక్కు చట్టరీత్యా 60 సంవత్సరములు. ఆ లెక్కన ఈ చిత్రపు గడువు 2011తోనే తీరినది. ఇంక అడ్డేమున్నదని తోచును. కాని మాటలకును పాటలకును లెక్క వేరు. రచయిత మరణించిన పిమ్మట 60 సంవత్సరములవరకు వానిమీద హక్కుండును. మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో మరణించిరి. కనుక కనీసము 2031 ముగియువరకు అడుగవలసినవారిని అడిగియే వేయవలెను. ఈ సంగతి అవ్వకు విడమరచి చెప్పితిమి. ఆమె అంతయు విని, "అయితే అడగండి" అన్నది.

అనంతపురము చేరిన మరునాడు ఆ హక్కులు ఇప్పుడు ఎవరియొద్ద ఉన్నవో విచారించుచు ఒక ఉత్తరము వ్రాసి పంపితిమి. జవాబు రావలసియున్నది. అవ్వ ఇంటి రేడియో పనిచేయుచున్నదట. సెల్లులు మాత్రము వేయవలెనని మనుమడు చెప్పెను.